పెరట్లో ఉడతలు: గుర్తుపట్టడం నుంచి రోజూ గమనించడం దాకా

కొల్లేరు కొంగల కోసం, నేలపట్టు గూడబాతుల కోసం బైనాక్యులర్లు మెడలో వేసుకుని వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లు కూడా ఇంటి వెనక జామచెట్టు మీది ఉడతని నిలబడి చూడరు. రోజూ కనబడుతుంది కదా, ఇంక చూసేదేముంది అనుకుంటారు. నిజానికి మనిషికి ఇంత దగ్గరగా, పట్టపగలు, ఏడాది పొడవునా బతుకు మొత్తం మన కళ్లముందే గడిపే అడవి జంతువు మనకి ఇంకొకటి లేదు. పులిని గమనించడానికి పర్మిషన్లు కావాలి, ఉడతకి ఒక ప్లాస్టిక్ కుర్చీ, కాస్త ఓపిక చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఉడతల్ని చూడాలంటే ముందు వేరుశనగలు చల్లాలి అనుకుంటారు. మేత పెట్టి పిలిస్తే అది తినడం ఒక్కటే కనబడుతుంది. దాని దారులు, దాని భయాలు, గూడు, పిల్లలు, పోట్లాటలు ఇవన్నీ కనబడాలంటే అది తన పనిలో తను ఉన్నప్పుడు చూడాలి. ఈ వ్యాసమంతా ఆ పద్ధతి గురించే.

మొదట చారలు లెక్కపెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇళ్ల దగ్గర కనబడేది ఎక్కువగా మూడు చారల ఉడత. శాస్త్రీయ నామం ఫునాంబులస్ పాల్మరమ్, 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. వింధ్య పర్వతాలకి దక్షిణంగా ఉన్న దేశమంతా, శ్రీలంకలోనూ ఇది ఉంటుంది. వింధ్యకి ఉత్తరాన రాజ్యం ఐదు చారల ఉడతది, దాని పేరు ఫునాంబులస్ పెన్నాంటీ. అయితే వింధ్య అనేది ఉడతలకి గోడ కాదు కాబట్టి ఐదు చారలది దక్కనులోకి కూడా దిగి వచ్చింది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులకి దగ్గరగా ఉండేవాళ్లు, ఆదిలాబాద్ వైపు వాళ్లు ముఖ్యంగా, "మనది మూడు చారలదేలే" అని ముందే తీర్మానించుకోకుండా చూడండి.

లెక్కపెట్టే పద్ధతి ఇది. వీపు మీద నడిమధ్యలో ఒక తెల్లటి చార, మెడ వెనక నుంచి తోక మొదలు దాకా ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి, ముందుకాళ్ల దగ్గర మొదలై వెనకకాళ్ల దాకా. ఈ మూడూ అందరికీ కనబడతాయి. ఇప్పుడు ఉడత పక్కకి తిరిగినప్పుడు, ఆ బయటి చారకి కింద, పొట్ట తెలుపు మొదలయ్యేలోపు ఉన్న డొక్క భాగం చూడండి. అక్కడ బూడిద రంగే ఉంటే మూడు చారలది. అక్కడ ఇంకో పలచటి, మసక చార ఉంటే (ప్రతి పక్కా ఒకటి) అది ఐదు చారలది. పైనుంచి మాత్రమే చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కాబట్టి డాబా మీద నుంచి తీసిన ఫొటో ఒక్కటే సరిపోదు, పక్క నుంచి కూడా ఒకటి కావాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఈ తేడా బాగా తెలుస్తుంది, మధ్యాహ్నపు ఎండలో డొక్క నీడలో పడి ఏమీ తెలియదు.

వారధి కట్టేటప్పుడు రాముడు మూడు వేళ్లతో నిమిరాడని మన ఇళ్లలో పిల్లలకి చెప్పే కథ ఉంది కదా, అది మన మూడు చారల ఉడతకి అతికినట్టు సరిపోతుంది. చిన్నపిల్లలకి లెక్క నేర్పడానికి ఆ కథనే వాడండి, ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

మిగతా ఆనవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి. ఒళ్లు జానెడు కంటే తక్కువ, తోక ఇంచుమించు ఒంటి అంత. బరువు పెద్దదైతే వంద గ్రాములు, కొంచెం అటూ ఇటూ. వీపు బూడిద కలిసిన గోధుమ రంగు, పొట్ట మీగడ తెలుపు. తోక కుచ్చులో నలుపు తెలుపు వెంట్రుకలు కలిసి ఉంటాయి. చెవులు చిన్నవి, గుండ్రటివి. ముందుకాళ్లకి పని చేసే వేళ్లు నాలుగు, వెనక కాళ్లకి ఐదు. వాన వెలిశాక మెత్తటి మట్టిలోనో, ముగ్గుపిండి చల్లిన అరుగు మీదో అడుగులు పడితే ఈ నాలుగు, ఐదు లెక్క పెట్టి చూడొచ్చు.

ఉడత కానివి, ఉడతలే కానీ మన పెరటివి కానివి

సంధ్యవేళ గోడ మీద పరుగెత్తేది ఎలుక అయ్యే అవకాశమే ఎక్కువ. ఉడత పగటి జంతువు, చీకటి పడేసరికి గూట్లో ఉంటుంది. తోకకి వెంట్రుకలు లేకుండా తాడులా ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

తూర్పు కనుమల అంచున, కొండకి ఆనుకుని ఇల్లు ఉన్నవాళ్లు ఇంకో జంతువుని చూసి ఉడత అనుకోవచ్చు. దాని పేరు మద్రాస్ ట్రీ ష్రూ. తోక కుచ్చుగానే ఉంటుంది, సైజు కూడా కాస్త అటూఇటూగా అంతే, కానీ మూతి పొడుగ్గా కోసుగా ఉంటుంది, వీపు మీద చారలు ఉండవు, భుజం దగ్గర మాత్రం ఒక లేత గీత ఉంటుంది. ఎక్కువసేపు నేల మీద పురుగుల కోసం వెతుకుతూ తిరుగుతుంది. అసలు ఉడతల జాతికి చెందినదే కాదు.

నల్లమలలోనో, మారేడుమిల్లి అడవుల్లోనో చెట్ల పైకొమ్మల మీద పిల్లి కంటే పొడుగ్గా, ఎరుపు నలుపు మీగడ రంగుల్లో వేలాడే తోకతో కనబడేది బెట్టు ఉడత. అది చూస్తే అదృష్టమే, కానీ పెరట్లోకి రాదు. దట్టంగా కొమ్మలు కలిసిన అడవి లేకపోతే అది బతకదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలో పార్కుల్లో, ఇళ్ల వెనక తిరిగే పెద్ద బూడిద ఉడతకి చారలే ఉండవు, బరువు మన ఉడతకి నాలుగైదు రెట్లు. చారలున్నది కనబడితే అది ఎక్కువగా చిప్‌మంక్, దానికి మొహం మీద కూడా చారలుంటాయి, మన ఉడతకి మొహం మీద చారలు ఉండవు. అది నేలలో బొరియ చేసుకుని చలికాలమంతా లోపలే గడుపుతుంది. ఇక ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో ఉన్నవాళ్లకి మాత్రం నిజంగానే మన దేశపు ఉడత కనబడుతుంది. 1898లో అక్కడి జూ నుంచి వదిలిన ఐదు చారల ఉడతల సంతతి ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉంది.

ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలి

పొద్దున సూర్యుడు వచ్చిన అరగంట తర్వాత నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకే దాకా. ఈ రెండు వేళల్లో హడావుడి ఎక్కువ. వేసవి మధ్యాహ్నాల్లో అవి దాదాపు కనబడవు, కానీ ఓపికగా వెతికితే నీడలో ఉన్న లావుపాటి కొమ్మకి పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాపి, బోర్లా పడుకుని ఉంటాయి. జబ్బు చేసిందేమో అని టెన్షన్ పడొద్దు, ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి అది.

చోటు ఎంచుకోవడమే అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్తాను. ముందు రెండు మూడు రోజులు ఏమీ రాయకుండా, ఫొటోలు తీయకుండా, ఉడత ఏ దారిన వెళ్తుందో మాత్రం చూడండి. దానికి రోడ్లు ఉంటాయి. ప్రహరీ గోడ మీంచి కరెంటు తీగ, తీగ మీంచి వేపకొమ్మ, కొమ్మ మీంచి రేకుల కప్పు, అక్కడి నుంచి జామచెట్టు. రోజూ అవే. తొందరలో ఉన్నప్పుడు కూడా, పిల్లి తరుముతున్నప్పుడు కూడా, ఆ దారే పట్టుకుంటుంది, ఎందుకంటే ఎక్కడ దూకితే ఎక్కడ పడుతుందో ఒంటికి తెలిసిన దారి అది. ఒక కాగితం మీద పెరడు బొమ్మ గీసి ఆ దారుల్ని పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. రెండు దారులు కలిసే చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. దానికి ఐదారు మీటర్ల దూరంలో, వెనక గోడో చెట్టో ఉండేలా కుర్చీ వేసుకోండి. మన ఆకారం ఆకాశం మీద కనబడకూడదు, వెనక ఏదో ఒకటి ఉండాలి.

రోజూ అదే చోట, అదే వేళకి, వీలైతే అదే రంగు బట్టలతో కూర్చోండి. మొదట్లో మిమ్మల్ని చూసి కొమ్మ అవతలి వైపుకి తిరిగిపోతుంది, మీరు కదిలితే అది కూడా కదిలి ఎప్పుడూ చెట్టు మీకూ తనకూ మధ్య ఉండేలా చూసుకుంటుంది. మీరు కదలకపోతే కాసేపటికి తల బయటపెడుతుంది. దాని వైపు సూటిగా తదేకంగా చూడొద్దు, తల కొంచెం పక్కకి పెట్టి చూడండి. వారం తిరిగేసరికి మీరు కూడా పెరట్లో ఒక వస్తువు అయిపోతారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మర్చిపోవద్దు.

ఒళ్లు చెప్పే మాటలు, గొంతు చెప్పే మాటలు

ఉడత చెట్టు దిగేటప్పుడు వెనక కాళ్లని చూడండి. తల కిందికి పెట్టి దిగుతుంది, ఎందుకంటే వెనక పాదాలు వెనక్కి తిప్పి గోళ్లతో బెరడుని పట్టుకోగలదు. పిల్లి చెట్టు ఎక్కుతుంది కానీ దిగేటప్పుడు ఇలా దిగలేక వెనక్కి పాకుతుంది. ఈ ఒక్క తేడా వల్లే చాలాసార్లు ఉడత ప్రాణం దక్కుతుంది.

తోకని విడిగా గమనించడం అలవాటు చేసుకోండి. వీపు మీదికి మడిచి కూర్చుని తింటుంటే నిశ్చింతగా ఉంది. తోక నిటారుగా చాపి, వెంట్రుకలు విచ్చుకుని, ఒంటిని కొమ్మకి అదిమిపెట్టి కదలకుండా ఉంటే ఏదో చూసింది. అరుపుతో పాటు తోక ఝటక్ ఝటక్‌మని ఎగరేస్తుంటే అది హెచ్చరిక.

ఆ అరుపు అందరికీ తెలిసిందే, చిప్ చిప్ చిప్ అని పదునుగా, పిట్ట కూతలా, ఆగకుండా నిమిషాల తరబడి. చాలామంది విసుక్కుని తలుపు వేసుకుంటారు, కానీ గమనించేవాళ్లకి ఇంతకంటే మంచి సమయం లేదు. అరుస్తున్న ఉడత మొహం ఎటు ఉందో చూసి, అటు వెతకండి. గోడ కింద పిల్లి ఉంటుంది, లేకపోతే పొదలో జెర్రిపోతు, లేకపోతే కొమ్మ మీద కదలకుండా కూర్చున్న జాలె డేగ. జెముడుకాకి వచ్చిందంటే గూట్లో పిల్లలున్న తల్లి ఊరుకోదు. ఉడత చూపించకపోతే మీ పెరట్లోకి పాము వచ్చి వెళ్లిన సంగతి కూడా మీకు తెలియదు. పిచ్చుకలు, గోరింకలు కూడా ఈ అరుపు విని ఏం చేస్తాయో చూడండి. అవి తినడం ఆపి తలెత్తితే ఆ హెచ్చరిక వాటికీ అందినట్టే.

ఇంకొకటి, చెట్టు చుట్టూ గిరగిరా తరుముకోవడం. ఒకదాని వెనక ఒకటి రెండే ఉంటే అది చోటు కోసం గొడవ కావచ్చు, లేత ఉడతలైతే ఆట కావచ్చు. ముందు ఒకటి, వెనక మూడు నాలుగు వరసగా పరుగెత్తుతుంటే ముందున్నది ఆడది, వెనకవి మగవి, జత కట్టే కాలం అన్నమాట. ఆ తేదీ రాసి పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కొరికిన కాయ చూసి ఎవరు కొరికారో చెప్పడం

పొద్దున్నే చెట్టు కింద పడిన కాయలు తీసి పరీక్షగా చూడండి. జామకాయ మీద సన్నటి జంట గాట్లు, పక్కపక్కన రెండేసి గీతలు, చిన్న చిన్నగా గీకినట్టు ఉంటే ఉడత పని. రామచిలుక అయితే ముక్కుతో పెద్ద ముక్క ఊడబెరికి, సగం తిని, మిగతాది కింద పడేస్తుంది, అంచులు గరుకుగా ఉంటాయి. గబ్బిలాలు రాత్రి పూట వచ్చి, రసం పీల్చి, పీచు ముద్దలు ఉమ్మేసి వెళ్తాయి, కాబట్టి ఉండలు కనబడితే ఉడతని తిట్టకండి.

గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల్లో కోకో వేసినవాళ్లకి ఈ తేడా డబ్బుతో ముడిపడిన విషయం. కోకో కాయకి తొడిమ దగ్గర కన్నం ఉంటే ఎలుక, కాయ నడిమధ్యన కన్నం ఉంటే ఉడత. ఉడత ఎక్కువగా ముదిరి పండిన కాయ జోలికే వస్తుంది, ఎలుక లేతవాటిని కూడా వదలదు. ఉడత బెడద ఎక్కువగా ఉన్న చోట పండిన కాయని చెట్టు మీద ఉంచకుండా వెంటవెంటనే కోసేస్తే నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఉడత కాయలే తింటుందనుకోవడం సగం నిజమే. వేప పళ్లు, గింజలు, లేత చిగుళ్లు, మొగ్గలు, బెరడు, చీమలు, పురుగులు, ఒక్కోసారి పిట్ట గుడ్లు కూడా. పూల తేనె అంటే మహా ఇష్టం. మాఘ ఫాల్గుణాల్లో బూరుగు చెట్టు ఎర్రగా పూసినప్పుడు పొద్దున్నే దాని కింద నిలబడండి. ఉడత పువ్వులో తల దూర్చి, బయటికి తీసేసరికి మూతికి పుప్పొడి అంటుకుని ఉంటుంది, అదే మూతితో ఇంకో పువ్వుకి పోతుంది. తోటలో పెట్టే నష్టం లెక్కేసేవాళ్లు ఈ పని కూడా లెక్కలో వెయ్యాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

దాని ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూ అరగదీసుకోకపోతే నోరు మూయలేనంత పెరుగుతాయి. కేబుల్ వైర్లు కొరికేది అందుకే, పగబట్టి కాదు. వైర్లని పీవీసీ గొట్టంలో పంపిస్తే సరిపోతుంది.

గూడు, పిల్లలు

నోట్లో కొబ్బరి పీచో, దూదో, పాత గోనె దారాలో కరుచుకుని ఒకే వైపుకి మళ్లీ మళ్లీ పోతుంటే గూడు కడుతోంది. వెంటపడకండి. దూరం నుంచే ఎటు మాయమవుతోందో చూడండి. తాటి మట్టల సందు, కొబ్బరి మొవ్వ, గుబురుగా అల్లుకున్న మల్లె పందిరి, పెంకుల కింద, ఇప్పుడైతే ఏసీ బయటి డబ్బా వెనక, వెంటిలేటర్ల మీద, వాడని గీజర్ గొట్టం సందులో కూడా. చూడటానికి చెత్త పోగులా ఉంటుంది, లోపల మాత్రం మెత్తటి పరుపు.

గర్భం నెల రోజుల పైన, సుమారు 34 రోజులు. అందుకే ఆ తరుముకున్న తేదీ రాసుకోమన్నాను. ఆ లెక్కన నెలా పదిరోజుల తర్వాత తల్లి పొట్ట కింద పాలరొమ్ములు కనబడతాయి, గూటికి రాకపోకలు పెరుగుతాయి. ఈతకి రెండు మూడు పిల్లలు. కళ్లు మూసుకుని, వెంట్రుకలు లేకుండా, గులాబీ రంగులో పుడతాయి. పది వారాలకి పాలు మానేస్తాయి. ఆ వయసు పిల్లల్ని ఒంటితో పోలిస్తే తల పెద్దగా, తోక సన్నగా ఉండటాన్ని బట్టి, దూకే ముందు రెండు మూడు సార్లు వెనకాడటాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు.

గూడు కదిలించొద్దు, టార్చి వేసి ఫొటోలు తీయొద్దు. తల్లికి అనుమానం వస్తే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఇంకో గూటికి మార్చేస్తుంది, ఆ మార్చే దారిలోనే కాకుల పాలయ్యేవి ఉంటాయి. ఏసీ సర్వీసు చేయించాల్సి ఉంటే, పిల్లలు వెళ్లిపోయేదాకా వాయిదా వేయండి.

పిల్ల కింద పడితే ఇలా చేయండి. ముందు పిల్లినీ కుక్కనీ అవతలికి పంపండి. గుడ్డతో పట్టుకుని చూడండి, రక్తం, దెబ్బ లేకపోతే చిన్న అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ వేసి అందులో పెట్టి, పడిన చోటుకి దగ్గరగా చెట్టు కొమ్మకి, చీమలు పట్టకుండా కట్టండి. మూత వేయొద్దు. మీరు ఇంట్లోకి వెళ్లి కిటికీ లోంచి చూడండి. మనిషి వాసన తగిలితే తల్లి ముట్టుకోదనే భయం పెట్టుకోకండి, చాలాసార్లు వచ్చి తీసుకెళ్తుంది. పిల్ల చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఆవుపాలు, గేదెపాలు పట్టొద్దు. అరగక విరేచనాలై చచ్చిపోతాయి, పైగా వెల్లకిలా పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకటి పడేలోపు తల్లి రాకపోయినా, పిల్లకి దెబ్బ తగిలినా, వన్యప్రాణుల్ని కాపాడేవాళ్లకో, అటవీ శాఖకో, పశువుల డాక్టరుకో అప్పగించండి. పెంచుకుందాం అనే ఆలోచన వద్దు.

రాసుకోవడం, ఫొటోలు

నోట్‌బుక్‌లో ప్రతిసారీ తేదీ, టైము, ఎండా మబ్బా, ఎన్ని కనబడ్డాయి, ఏం చేస్తున్నాయి, ఏ చెట్టు. అంతే. వ్యాసాలు రాయక్కర్లేదు. ఒక్కొక్క ఉడతని విడిగా గుర్తుపట్టాలంటే తోక చూడండి, పిల్లుల వల్ల తోక చివర తెగినవి చాలా ఉంటాయి. చెవి చిరుగు, వెంట్రుకలు ఊడిన మచ్చ, కుంటడం. వాటికి పేర్లు పెట్టుకోండి, తప్పేం లేదు, నోట్‌బుక్‌లో రాయడం తేలికవుతుంది. చారల ఆకారంతో విడివిడిగా గుర్తుపట్టాలని చూస్తే కళ్లు నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం ఉండదు.

బైనాక్యులర్లు కొంటే 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, రెండు మూడు మీటర్ల దగ్గర వస్తువు కూడా స్పష్టంగా కనబడేది చూసి కొనండి. కెమెరా అయితే షట్టర్ స్పీడు 1/500 సెకను కంటే తగ్గొద్దు, లేకపోతే తోక మసకే. ఫోన్‌తో అయితే ఫొటో కంటే వీడియో తీసి తర్వాత అందులోంచి ఫ్రేము తీసుకోవడం మేలు. డొక్క కనబడే ఫొటో దొరికితే ఐనాచురలిస్ట్‌లో (జంతువులు, మొక్కల ఫొటోలు అందరూ పెట్టి గుర్తుపట్టుకునే వెబ్‌సైట్) ఊరి పేరుతో పెట్టండి. మూడు చారలది, ఐదు చారలది కలిసే ప్రాంతాల నుంచి వచ్చే ఒక్కో ఫొటో నిజంగా పనికొస్తుంది.

పెరడు వాటికి ప్రమాదం కాకుండా

నీళ్ల డ్రమ్ము, మూత లేని సంపు, గాబు, వీటిలో పడి మునిగిపోయే ఉడతలు చాలా. ప్రతిదానిలో అడుగు నుంచి అంచు దాకా ఏటవాలుగా ఒక గరుకు కర్ర వేసి ఉంచండి, ఎక్కి వచ్చేస్తాయి. ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టలు, మందు బిళ్లలు ఆరుబయట పెట్టొద్దు. వేసవిలో వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్లు పెట్టి, పిల్లి దాక్కోవడానికి వీల్లేని ఖాళీ చోట, ఎత్తున ఉంచి, రోజూ కడిగి మార్చండి.

మేత పెట్టి తీరాలనిపిస్తే ఉప్పు లేని, తొక్క ఉన్న వేరుశనక్కాయలు గుప్పెడు, ఎప్పుడో ఒకసారి. బిస్కెట్లు, చిప్స్, మిక్చరు, అన్నం వద్దు. చేతిలోంచి తినిపించడం అసలే వద్దు. అలా మచ్చికైన ఉడత అందరి చేతుల దగ్గరికీ పోతుంది, పిల్లికి కూడా దూరంగా ఉండదు. పైగా కరిస్తే లోతుగా దిగుతుంది. కరిస్తే వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి.

ఈ వారం మొదలుపెట్టాలంటే కుర్చీ, కాగితం, పెన్సిల్ తీసుకుని దారుల బొమ్మతో మొదలుపెట్టండి, బైనాక్యులర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.